ఏ హాప్ మంచిదో పేరు చెప్పదు

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు పెరిగినకొద్దీ వాటి మెనూ కార్డుల మీద కొత్త పేర్లు కనిపిస్తున్నాయి. ఈ బీరులో సిట్రా వేశాం, ఆ బీరులో మొజాయిక్ వేశాం, ఇంకోదాంట్లో చెక్ దేశపు సాజ్ వేశాం అని రాసుకుంటున్నారు. ఇవన్నీ హాప్స్‌లో రకాలు. బీరుకు చేదునూ, వాసనలో పెద్ద వాటానూ ఇచ్చేవి ఈ హాప్ పూలే. ఇలాంటి బీర్లంటే ఇష్టపడేవాళ్ల మధ్య ఇప్పుడు సిట్రా గొప్పదా, గెలాక్సీ గొప్పదా అన్న చర్చ సినిమా హీరోల అభిమానుల గొడవ స్థాయికి వెళ్తోంది. వినడానికి సరదాగానే ఉంటుంది గానీ, ఆ చర్చలో వాడే తూకం రాళ్లే సరైనవి కావు. రెండు హాప్‌లను పోల్చాలంటే ముందు అవి ఏ పనికి వాడుతున్నారో తెలియాలి. తర్వాత ఎక్కడ పండాయో, ఏ ఏడాది కోశారో, కోశాక ఎలా దాచారో తెలియాలి. ఇవేమీ తెలియకుండా రకం పేరు ఒక్కటే పట్టుకుని ఎక్కువ తక్కువలు తేల్చేస్తే మనం పోల్చేది పూలను కాదు, ప్రచారాన్ని.

హాప్ గంజాయి కుటుంబానికి చెందిన తీగ. మత్తు మాత్రం ఇందులో ఏమీ లేదు. బీరులోని మత్తంతా బార్లీ చక్కెరలు పులిస్తే వచ్చే ఆల్కహాల్‌దే. వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది, వసంతంలో మళ్లీ చిగురించి ఎత్తయిన తీగల పందిళ్లు పట్టుకుని పైకి పాకుతుంది. ఆడ, మగ మొక్కలు వేరు. సాగు చేసేది ఆడ మొక్కల్నే. ఆకుపచ్చని రేకులు ఒకదాని మీద ఒకటి కప్పుకున్నట్టుండే ఆ పూగుత్తిని నిలువునా చీలిస్తే రేకుల మొదట్లో పసుపు పొడి కనిపిస్తుంది. దాన్ని లుపులిన్ అంటారు. సరుకంతా అందులోనే ఉంది. ఆ పొడిలో ముఖ్యమైనవి రెండు: ఆల్ఫా ఆమ్లాలు, సుగంధ నూనెలు. ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. బార్లీ కషాయంలో వేసి గంటసేపు మరిగిస్తే వాటి నిర్మాణం మారి కరుగుతాయి, అప్పుడు చేదు దిగుతుంది. నూనెల స్వభావం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మరిగిస్తే ఆవిరైపోతాయి. అందుకే చేదు కోసం వేసే హాప్‌ను మొదట్లో, వాసన కోసం వేసేదాన్ని చివర్లో వేస్తారు. కొందరు బీరు పులిశాక చల్లగా ఉన్నప్పుడే కలుపుతారు. దీన్నే డ్రై హాపింగ్ అంటారు. అంటే ఒకే హాప్ వేసిన సమయాన్ని బట్టి రెండు వేర్వేరు సరుకులుగా పనిచేస్తుంది. ఇక్కడే పేర్ల చర్చకు మొదటి దెబ్బ తగులుతుంది.

చేదు సంగతి ముందు చూద్దాం. దానికి లెక్క ఉంది. బీరు చేదును ఐబీయూ అనే కొలతలో చెబుతారు. లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము కరిగిన ఆల్ఫా ఆమ్లం ఉంటే సుమారుగా ఒక ఐబీయూ. వెయ్యి లీటర్ల బీరుకు 20 ఐబీయూల చేదు కావాలనుకోండి. అంటే 20 గ్రాముల చేదు పదార్థం బీరులో చేరాలి. మరిగించినప్పుడు వేసిన ఆల్ఫా ఆమ్లంలో మూడో వంతు కూడా పూర్తిగా దిగదు. 30 శాతం దిగుతుందనుకుంటే 67 గ్రాముల ఆల్ఫా ఆమ్లం వేయాలి. సాజ్‌లో ఆల్ఫా మూడున్నర శాతం దాకా ఉంటుంది, దాంతో చేస్తే దాదాపు 1.9 కిలోల హాప్స్ పడతాయి. జర్మనీలోని హ్యూల్ పరిశోధన కేంద్రం తయారుచేసిన మాగ్నమ్‌లో 14 శాతం ఉందనుకుంటే అర కిలోలోపే సరిపోతుంది. గంటసేపు మరిగాక రెండింటి వాసనా దాదాపు ఆవిరే. మిగిలేది చేదు. ఆ చేదులో సాజ్ చేదు, మాగ్నమ్ చేదు అని విడదీసి చెప్పగలిగేవాళ్లు అరుదు. అలాంటప్పుడు చేదు పనికి ఖరీదైన సువాసన రకాన్ని గంటసేపు ఉడకబెట్టి, మెనూలో దాని పేరు రాసుకోవడం డబ్బు దండగ తప్ప మరేమీ కాదు. చేదుకు కొనాల్సింది ఆల్ఫా గ్రాములు, అంతే.

దీనికి అనుభవమున్న బ్రూవర్లు ఒక అభ్యంతరం చెబుతారు. చేదంతా ఒకటి కాదని, కోహ్యుములోన్ అనే ఆల్ఫా భాగం ఎక్కువగా ఉన్న రకాలు గొంతు గీరే మొరటు చేదు ఇస్తాయని. 1972లో రిగ్బీ అనే శాస్త్రవేత్త ఈ మాట అన్నప్పటి నుంచి ఇది పరిశ్రమలో వేదవాక్కులా స్థిరపడిపోయింది. కోహ్యుములోన్ తక్కువుండేలా కొత్త రకాలనే సృష్టించారు. ఆ తర్వాతి పరిశోధనలు మాత్రం దీన్ని గట్టిగా బలపరచలేదు. కోహ్యుములోన్ మిగతా భాగాలకన్నా ఎక్కువ తేలిగ్గా కరుగుతుంది కాబట్టి అది ఎక్కువున్న రకం వేస్తే బీరు అనుకున్నదానికన్నా చేదెక్కుతుంది. మొరటుతనం అని మనం అనుకున్నది కొంతవరకు ఈ అదనపు చేదే కావచ్చు. ఇంకో అభ్యంతరంలో పస ఎక్కువుంది. తక్కువ ఆల్ఫా రకం వాడితే నాలుగు రెట్లు ఆకు, రేకు బీరులో ఉడుకుతాయి, వాటి నుంచి పాలీఫినాల్స్ దిగి నోట్లో ఒక నిండుతనం, కాస్త వగరు వస్తాయి. చెక్ పిల్స్‌నర్ ప్రియులు మెచ్చుకునే గుణాల్లో ఇదొకటి. ఒప్పుకోవాల్సిందే. అయితే అది పూల మోతాదు వల్ల వచ్చిన తేడా. సాజ్ అనే పేరు చేసిన మాయ కాదు.

వాసన దగ్గరికొస్తే లెక్క తారుమారవుతుంది. ఇక్కడ రకం ముఖ్యమే. కానీ ఎంత ముఖ్యమన్నది గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. కారానికి తేజ, రంగుకు బ్యాడిగి అన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఆ వరకు పేరు పని చేస్తుంది. కానీ తేజ అని చీటీ కట్టి ఉంది కదా అని బస్తా విప్పకుండా ధర కట్టే వ్యాపారి యార్డులో ఉండడు. చేయి పెట్టి కాయ తీస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు, ఈ ఏటి సరుకా, కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన ఏసీ సరుకా అని అడుగుతాడు. అదే తేజకు అదే రోజు రెండు ధరలు పలుకుతాయి. హాప్స్‌లోనూ పెద్ద కొనుగోలుదారులు చేసేది సరిగ్గా ఇదే. వింత ఏమిటంటే, లాట్ల వారీగా కొన్న సరుకు గ్లాసులోకి చేరేసరికి లాటు సంగతి మాయమై రకం పేరు ఒక్కటే మిగులుతుంది.

అమెరికా హాప్స్‌లో అత్యధిక భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో పండుతుంది. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు అంతా కోత. కోతలు ముగిసే వేళకు బ్రూవర్లు అక్కడికి వెళ్తారు. బేళ్ల నుంచి ఇటుక ఆకారంలో కోసి కాగితంలో చుట్టిన నమూనాలు బల్ల మీద వరసగా పెడతారు. అన్నీ ఒకే రకం, పొలాలు వేరు, కోసిన రోజులు వేరు. బ్రూవరు గుప్పెడు తుంచి రెండు అరచేతుల మధ్య గట్టిగా నలుపుతాడు. చేతులు వేడెక్కి పసుపు జిగురు అంటుకుంటుంది. అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఒక మొజాయిక్ లాటు మామిడి, బ్లూబెర్రీ వాసన కొడితే పక్కనున్న మొజాయిక్ లాటు ఉల్లి, వెల్లుల్లి కంపు కొట్టొచ్చు. ఆలస్యంగా కోసిన కొన్ని రకాల్లో ఈ ఉల్లి వాసన పెరగడం ఆ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. రెండు లాట్ల పేరూ ఒకటే, పేటెంటూ ఒకటే. మంచి లాట్లను పెద్ద బ్రూవరీలు ముందే ఏరుకుంటాయి. సముద్రాల అవతల కొద్ది కిలోలు కొనే చిన్న బ్రూవరీకి ఆ బల్ల దగ్గర చోటు దొరకదు.

కోత సంగతి ముక్కుతో తేల్చేసిన నమ్మకమేం కాదు. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో థామస్ షెల్‌హ్యామర్ బృందం ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉంది. కాస్కేడ్ రకాన్ని వేర్వేరు సమయాల్లో కోసి పోల్చినప్పుడు, ఆలస్యంగా కోసిన వాటిలో నూనె ఎక్కువగానూ, బీరులో నిమ్మజాతి వాసన మెరుగ్గానూ ఉన్నాయని తేలింది. అదే బృందం వేర్వేరు కాస్కేడ్ లాట్లతో డ్రై హాపింగ్ చేసి చూస్తే, సరుకు చీటీ మీద రాసే మొత్తం నూనె శాతాన్ని బట్టి బీరులో వాసన ఎంత ఘాటుగా ఉంటుందో చెప్పలేమని తెలిసింది. దాదాపు ప్రతి హాప్ అమ్మకందారూ ముందు పెట్టి చూపించే అంకె అది. ఇంకో అధ్యయనంలో లీటరుకు 8 గ్రాములు దాటాక హాప్స్ ఎంత కుమ్మరించినా వాసన దానికి తగ్గట్టు పెరగలేదు, పైగా ఆకు వాసన, మూలికల వాసన పైకి తేలాయి. మూడు రెట్లు హాప్స్ వేశాం, నాలుగు రెట్లు వేశాం అని డప్పు కొట్టుకునేవాళ్లు ఈ సంగతి గోడకు అంటించుకోవాలి.

నేల మారితే రకం ఎంత మారుతుందో చూపే మంచి ఉదాహరణ స్టిరియన్ గోల్డింగ్. స్లొవేనియాలో పండే ఈ హాప్‌కు యూరప్‌లో సొంత పేరుంది, సొంత అభిమానులున్నారు. కానీ పుట్టుక చూస్తే అది ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో పేరుపొందిన ఫగుల్. పేరులో గోల్డింగ్ ఉన్నా అసలు గోల్డింగ్‌తో సంబంధం లేదు. ఇంగ్లిష్ ఫగుల్‌కు మట్టి వాసన, పాతకాలపు వాసన అని ముద్ర పడితే, అదే మొక్క స్లొవేనియాలో పెరిగి నాజూకైనదన్న పేరు తెచ్చుకుంది. న్యూజిలాండ్ రైతులు ఇంకా తెలివిగా చేశారు. తమ నేల మీద పండిన కాస్కేడ్ అమెరికా కాస్కేడ్‌లా లేదని గుర్తించి దానికి టైహెకె అని వేరే పేరు పెట్టి అమ్ముతున్నారు. ఇది నిజాయితీ గల పని అని నా అభిప్రాయం. కొనేవాడికి నేల సంగతి పేరులోనే చెప్పేశారు.

అయితే దశాబ్దాల తరబడి కొత్త రకాలు సృష్టించినవాళ్లంతా వృథా శ్రమ పడ్డారా అని ఎవరైనా అడగొచ్చు. లేదు. జన్యువుల హద్దు గట్టి హద్దే. ఎంత మంచి పొలంలో ఎప్పుడు కోసినా సాజ్ సిట్రా కాదు. సిట్రాలోని కొన్ని గంధక సమ్మేళనాలు సాజ్‌లో అంత మోతాదులో ఉండవు. అయినా ఆ సమ్మేళనాల కథే పేర్ల గొప్పలను కాస్త చల్లబరుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని వై కాలేజీలో ఎర్నెస్ట్ స్టాన్లీ సామన్ అనే ఆచార్యుడు కెనడాలోని మనిటోబా నుంచి తెప్పించిన అడవి హాప్ సంతతితో బ్రూయర్స్ గోల్డ్ లాంటి రకాలు సృష్టించాడు. ఆల్ఫా బ్రహ్మాండంగా పెరిగింది. కానీ ఆ అమెరికా వాసన, బ్లాక్ కరెంట్ పండునూ పిల్లి మూత్రాన్నీ కలిపి గుర్తుచేసే వాసన, ఇంగ్లిష్ బ్రూవర్లకు నచ్చలేదు. దాన్ని దోషంగానే చూశారు. సిట్రాకూ, సిమ్కో అనే రకానికీ ఇప్పుడు డబ్బు తెచ్చిపెడుతున్న వాసనల్లో ఒకటి దాదాపు అదే. బ్లాక్ కరెంట్‌లో ఉండే గంధక సమ్మేళనమే ఈ రకాల్లోనూ ఉంటుంది. పూలలో రసాయనం మారలేదు, తాగేవాళ్ల రుచి మారింది.

కాస్కేడ్ చరిత్ర కూడా ఇలాంటిదే. అమెరికా వ్యవసాయ శాఖ ఒరెగాన్‌లో పెంచి 1972లో విడుదల చేసిన రకం ఇది. జర్మనీలో హాలర్‌టౌ మిటెల్‌ఫ్రూ అనే రకం తోటలను విల్ట్ తెగులు దెబ్బతీసి ధర పెరిగిన రోజుల్లో, దానికి బదులు వాడొచ్చన్న ఆశతోనే పెద్ద కంపెనీలు కాస్కేడ్ వైపు చూశాయి. బదులుగా అది పనికిరాలేదు. దానిలోని నారింజ, గ్రేప్‌ఫ్రూట్ వాసన లాగర్‌లో ఇమడలేదు. సియెర్రా నెవాడా కంపెనీ 1980లో తెచ్చిన పేల్ ఏల్‌లో అదే వాసన ముందుకొచ్చి నిలబడింది. అమెరికా క్రాఫ్ట్ బీరు రుచికి గుర్తుగా మారింది. కాస్కేడ్ విడుదలైన నలభై ఏళ్ల తర్వాత జర్మనీలోని హ్యూల్ కేంద్రం, ఒకప్పుడు ఏ వాసనను దూరం పెట్టారో దాని కోసమే, కాస్కేడ్‌ను తల్లిగా తీసుకుని మాండరీనా బవేరియా అనే రకాన్ని తయారుచేసింది. ఏ హాప్ మంచిదన్న ప్రశ్నకు 1930లో ఒక జవాబు, 1970లో ఒకటి, ఇవాళ ఇంకొకటి వచ్చాయంటే ఆ జవాబు పూలలో మాత్రమే లేదని ఒప్పుకోవాలి.

పెద్ద బ్రూవరీల తరఫున ఇంకో మాట వినిపిస్తుంది. వాళ్లకు ప్రతి సీసాలో ఒకే రుచి రావాలి, రకం పేరు, ఆల్ఫా శాతం అనే స్థిరమైన అంకెలు లేకుండా పని నడవదు అని. నిజానికి ఆ స్థిరత్వం రకం పేరు నుంచి వచ్చింది కాదు. అనేక లాట్లను కలిపి, ప్రతి లాటునూ పరీక్షించి, కొన్నిసార్లు హాప్ సారాన్ని వాడి దాన్ని సాధిస్తారు. ఇకముందు ఆ పని మరీ కష్టమవుతుంది. జర్మనీ 2021లో 47 వేల టన్నులకు పైగా హాప్స్ పండించింది. ఎండలు మండి వానలు ముఖం చాటేసిన 2022లో అది 34 వేల టన్నుల పైచిలుకుకు పడిపోయింది. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2050 నాటికి యూరప్‌లోని ముఖ్య ప్రాంతాల్లో సువాసన హాప్స్ దిగుబడి 4 నుంచి 18 శాతం, ఆల్ఫా 20 నుంచి 31 శాతం తగ్గవచ్చు. పేరు అదే ఉంటుంది, పూలు మారిపోతాయి. యునెస్కో వారసత్వ జాబితాలోకి 2023లో ఎక్కిన జాటెట్స్ తోటల సాజ్‌కు కూడా దీని నుంచి మినహాయింపు లేదు.

ఇదంతా మనకెందుకు, మనవాళ్లు తాగేది ఎక్కువగా స్ట్రాంగ్ బీరే కదా అనేవాళ్లకు నా దగ్గర వాదన లేదు. ఆ బీరులో హాప్స్ పాత్ర చిన్నది, చేదు తక్కువ, వాసన ఇంకా తక్కువ. అక్కడ రకం పేరు గురించి మాట్లాడటమే అనవసరం. కానీ మైక్రోబ్రూవరీలో ఐపీఏ లాంటి హాప్స్ ఎక్కువున్న బీరుకు అంత డబ్బు పెట్టేవాడు కొనేది హాప్స్ వాసననే. అతనికి ఈ ప్రశ్న వర్తిస్తుంది. పైగా మన దగ్గర హాప్స్ పండవు. ఈ తీగ పూత సరిగా పట్టాలంటే వేసవిలో పొడవైన పగళ్లు, శీతాకాలంలో గట్టి చలి రెండూ కావాలి. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలే 13 గంటల పైచిలుకు. దేశంలో కశ్మీర్‌లోనూ, హిమాచల్‌లోని లాహౌల్ లోయలోనూ కొంత సాగు చేశారు గానీ అది పెద్దగా పెరగలేదు. దాదాపు అంతా దిగుమతే. అంటే దాచే పద్ధతే సరుకు నాణ్యతను తేలుస్తుంది. గాలి తగులుతూ 20 డిగ్రీల దగ్గర ఆరు నెలలు ఉంటే కాస్కేడ్ తన ఆల్ఫాలో సగం దాకా పోగొట్టుకుంటుంది. మాగ్నమ్ అదే పరిస్థితిలో ఐదింట నాలుగు వంతులు నిలుపుకుంటుంది. రకం పేరు నిజంగా అక్కరకొచ్చే సమాచారం ఇది. మెనూ కార్డులో ఎక్కడా కనిపించదు. పాతబడిన హాప్స్‌లో ఐసోవాలెరిక్ ఆమ్లం చేరి పాత చీజ్ కంపు కొడుతుంది. మే నెలలో మన గోదాముల్లో 20 డిగ్రీలంటే అది చల్లదనం కిందే లెక్క.

కాబట్టి మైక్రోబ్రూవరీలు మెనూలో రకం పేరు పక్కన పండిన దేశం, పంట ఏడాది కూడా రాయాలి. మామిడిపండ్లు అమ్మేవాడు బంగినపల్లి అనగానే ఏ ఊరి కాయ అని అడిగే జనానికి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. హాప్ గుళికల (పెల్లెట్ల) ప్యాకెట్ మీద ఆ రెండు వివరాలూ ఎలాగూ ముద్రించే ఉంటాయి, బ్రూవరుకు అదనపు శ్రమ లేదు. చేదుకు చవకైన ఆల్ఫా రకం కొని, అక్కడ మిగిలిన డబ్బుతో డీప్ ఫ్రీజర్‌నో, చిన్న ప్యాకెట్లలో వాక్యూమ్ సీల్ చేసే యంత్రాన్నో కొనుక్కోవడం సిట్రా బదులు ఇంకా ఖరీదైన రకం తెప్పించడం కన్నా బీరుకు ఎక్కువ మేలు చేస్తుంది. మన దగ్గర బీరు బాగా అమ్ముడయ్యేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పటికి యాకిమా పంట కోసి ఏడెనిమిది నెలలవుతుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పంటలు మార్చి ప్రాంతంలో చేతికొస్తాయి, కాబట్టి వేసవి మధ్యలోనో చివర్లోనో వాటి తాజా సరుకు దొరికే అవకాశం ఉంది. మే నెలలో ఒక ప్యాకెట్ మీద గత సెప్టెంబరు సిట్రా, ఇంకోదాని మీద ఈ మార్చి టైహెకె అని ఉంటే, అభిమానులు గొడవపడాల్సింది పేర్ల గురించి కాదు, ఆ తేదీల గురించి.